నది గట్టుకి కట్టిన గొలుసు

నేను గాలం వేస్తానంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మరు. వన్-నార్త్ టెక్ పార్కులో రోజంతా కోడ్ రాసుకునే ఆడమనిషికి చేపల పిచ్చేమిటని వాళ్ళ ఉద్దేశం. సింగపూర్‌లో గాలం ఎక్కడ పడితే అక్కడ వేయనివ్వరు. హౌగాంగ్‌లో మా ఫ్లాట్‌కి దగ్గర్లో, నది గట్టు మీద, ఇక్కడ చేపలు పట్టుకోవచ్చని ప్రభుత్వం బోర్డు పెట్టిన కాస్త చోటు ఉంది. శనివారం పొద్దున్నే అక్కడికి వెళ్తాను.

నేను అంకుల్ అని పిలిచే పెద్దాయన నాకు అక్కడే పరిచయం. వాళ్ళ ముత్తాత విశాఖ వైపు నుంచి వచ్చాడట. ఈయన పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యారు. ఆయన తెలుగులో సగం తమిళమే. ఎండకి కమిలిన మొహం, వెలిసిపోయిన టీషర్టు, పాత టోపీ. చూసినవాళ్ళెవరూ తెలుగాయన అనుకోరు.

గట్టు పక్కన కొత్త కాండో, అంటే చుట్టూ గోడ ఉన్న ఖరీదైన అపార్ట్‌మెంట్ల సముదాయం, లేచింది. బాల్కనీలోంచి నది కనపడుతుందని చెప్పి ఫ్లాట్లు అమ్మారు. కొన్నవాళ్ళు నదిని కూడా కొనేశామనుకున్నారు. ముందు వాళ్ళ గోడ దాటి, గట్టు మీది దారికి అడ్డంగా పూలకుండీలు వచ్చాయి. తర్వాత గొలుసు వచ్చింది. గొలుసుకి 'రెసిడెంట్స్ ఓన్లీ' అని ఒక అట్ట వేలాడింది. జనమంతా నడిచే దారికి అట్టముక్క కట్టి సొంతం చేసుకోవచ్చని అనుకునేవాళ్ళు పెద్ద పెద్ద ఉద్యోగాలు ఎలా చేస్తారో నాకు అర్థం కాదు.

నేను గొలుసు దాటి వెళ్ళిపోయేదాన్ని. అంకుల్‌కి మోకాళ్ళ నొప్పులు, కాలు ఎత్తలేరు. మెయిన్ రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి, చెమటలు కక్కుతూ వచ్చేవారు. అది చూసినప్పుడల్లా ఒళ్ళు మండేది.

ఒక శనివారం కాండో కమిటీ అధ్యక్షుడే దిగి వచ్చాడు. అంతకుముందు సెక్యూరిటీ గార్డుని పంపేవాడు. ఆ గార్డు పాపం మమ్మల్ని వెళ్ళమనలేక వాతావరణం గురించి మాట్లాడి పోయేవాడు. అధ్యక్షుడు తెలుగువాడే, బ్యాంకులో పెద్ద హోదా. తెలుగువాళ్ళ కార్యక్రమాల్లో మైకు దొరికితే వదలని రకం. ఇస్త్రీ చేసిన నిక్కరు, చేతిలో కాఫీ కప్పు. అంకుల్ వైపు చూడనైనా చూడకుండా నాతో తెలుగులో మొదలుపెట్టాడు.

"మేడం, మీరు మనవాళ్ళు, చదువుకున్నవాళ్ళు. మీతో మాకు ప్రాబ్లం లేదు. సెక్యూరిటీకి చెప్తాను, మీరొక్కరూ వచ్చి పట్టుకోండి. ఇదిగో, ఇలాంటి ముసలాళ్ళతోనే తలనొప్పి. వాసన, చెత్త. ఫ్లాట్ల రేటు పడిపోదా చెప్పండి."

నేను నోరు తెరిచేలోపు అంకుల్ నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా అన్నారు. "తంబీ, నువ్వు చెప్పింది నాకు బాగా తెలిసింది. చెత్త ఎక్కడుందో చూపించు, తీసేస్తా."

సిగ్గున్న మనిషైతే అక్కడే మాట పడిపోవాలి. ఇతను పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. "అరే అంకుల్, మీరూ మనవాళ్ళేనా. ముందే చెప్పొద్దూ." ఆ ముసలాయన తెలుగువాడు కాకపోయి ఉంటే అన్న మాటల్లో తప్పేమీ లేదన్నట్టు.

ఈ జాగా మీదేనని కాగితం చూపించమన్నాను. అది తన నిర్ణయం కాదట, కమిటీదట. కమిటీలో తనూ ఒకడట, అంతే. కాఫీ తాగుతూ లోపలికి పోయాడు.

ఆ రోజే గొలుసుకీ కుండీలకీ ఫొటోలు తీసి ఫోన్‌లోనే ప్రభుత్వానికి ఫిర్యాదు పంపాను. కొన్నాళ్ళకి, మేం అక్కడున్నప్పుడే, ఇద్దరు అధికారులు మ్యాపు పట్టుకుని వచ్చారు. కాండో హద్దు గోడ దగ్గరే ఆగిపోతుందని, గొలుసూ కుండీలూ తీసేయాలని చెప్పారు. గాలం విసిరేటప్పుడు వెనక జాగింగ్ చేసేవాళ్ళని చూసుకోమని మాకూ నాలుగు మాటలు చెప్పారు, న్యాయమే. అధ్యక్షుడు వాళ్ళ పక్కన నిలబడి, తనే వాళ్ళని పిలిపించినట్టు తల ఊపుతూ ఉన్నాడు.

ఉగాది భోజనాల దగ్గర మళ్ళీ కనిపించాడు. బఫే లైన్లో నలుగురికి చెబుతున్నాడు, గట్టు మీది దారి పబ్లిక్‌కి ఓపెన్ చేయించడానికి తమ కమిటీ ఎంత కష్టపడిందో. నన్ను చూసి, ఈ మేడం కూడా అక్కడికి వస్తారు అడగండి అన్నాడు. సాక్ష్యానికి నన్నే పిలిచాడు.

"గొలుసు కట్టించింది ఈయనే. తీయించింది నేను," అన్నాను.

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా అతనే నవ్వాడు. "మేడం భలే జోకులేస్తారు," అన్నాడు. నేను జోక్ చేయడం లేదని మళ్ళీ చెప్పాను. అప్పటికే లైను పులిహోర దాకా జరిగిపోయింది.

తర్వాతి శనివారం అంకుల్‌కి ఇదంతా చెప్పాను. ఆయన విని, భోజనం బాగుందా అని అడిగారు. బాగుందన్నాను. అప్పుడే ఆయన గాలానికి పండుగప్ప పడింది. ఇద్దరం కలిసి వలబుట్టతో గట్టు మీదకి చేర్చాం. తలెత్తి చూస్తే బాల్కనీలోంచి అధ్యక్షుడు చెయ్యి ఊపుతున్నాడు. అంకుల్ మర్యాదగా తిరిగి చెయ్యి ఊపారు.

నేను ఊపలేదు.