చూద్దాం అన్న మాట

నేను రేడియాలజిస్టుని. రోజూ ఎందరివో పొట్టలూ ఊపిరితిత్తులూ చూస్తాను కానీ వాళ్ల మొహాలు చూసేది తక్కువ. వెలుతురు లేని గదిలో స్క్రీన్ ముందు కూర్చుంటాను, రిపోర్టు చెబుతాను, పంపేస్తాను. నా ముక్కుమీది కోపానికి అదే సరైన చోటని మా ఇంట్లోవాళ్లు అంటుంటారు. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు.

మా ఆసుపత్రి హైటెక్ సిటీ దాటాక, అద్దాల బిల్డింగుల వరసలో ఉంది. మా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి మెడనొప్పులు, నడుమునొప్పులు, కూర్చుని కూర్చుని కొవ్వు పట్టిన లివర్లు. ఆ రోజు పొద్దున వచ్చింది మాత్రం నార్సింగిలో ఒక గేటెడ్ కమ్యూనిటీ వాచ్‌మన్. తెరుస్తుండగా చక్రాల మీద జరిగే పెద్ద ఇనుప గేటు పట్టాలు తప్పి అతని మీదికి ఒరిగింది. గేటుకీ గోడకీ మధ్య పొట్ట నలిగింది. పైన చిన్న గీత కూడా పడలేదు. లేచి దుమ్ము దులుపుకుని, టీ తాగి, మళ్లీ తన కుర్చీలో కూర్చున్నాడట. కాసేపటికి కళ్లు తిరిగి పడిపోయాడు. అక్కడే మెట్లు ఊడ్చే అతని భార్య, మూసాపేటలో ఆటో నడిపే తన అన్నను పిలిపించుకుని, ఆ ఆటోలోనే తీసుకొచ్చింది.

ఒంట్లో ప్లీహం అనేది ఒకటుందని ఎవరికీ గుర్తుండదు. గుండె పేరు చెప్పుకుని ప్రేమించేవాళ్లున్నారు, ప్లీహం పేరు చెప్పుకుని ప్రేమించినవాళ్లను నేను చూడలేదు. ఎడమవైపు పక్కటెముకల చాటున పిడికిలంత ఉంటుంది. లోపలంతా రక్తం, పైన పల్చటి పొర. గట్టి దెబ్బ తగిలితే చిట్లుతుంది. మనిషి మామూలుగానే మాట్లాడుతుంటాడు, పొట్టలో రక్తం నిండుతుంటుంది.

నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కాక, స్కాన్‌లో అతని ప్లీహం తెల్లగా కనిపించింది. దాని మధ్య నల్లటి చీలిక. చుట్టూ రక్తం చేరి ఉంది. నేను వెతికింది ఇంకొకటి. రక్తం ఇంకా కారుతుంటే దానితోపాటు మందు కూడా బయటికొచ్చి తెల్లటి చుక్కలా కనబడుతుంది. బొమ్మలను పైకీ కిందికీ ఎన్నిసార్లు జరిపినా ఆ చుక్క లేదు. చీలిక లోతైనదే కానీ రక్తం గడ్డకట్టి ఆగింది. బీపీ కూడా నిలకడగా ఉంది. ఇలాంటప్పుడు కొయ్యకుండా కనిపెట్టుకుని ఉండటమే మేలు. ప్లీహం తీసేసినా మనిషి బతుకుతాడు, కానీ రోగాలను తట్టుకునే శక్తి తగ్గి, ఇక జీవితాంతం మామూలు జ్వరానికి కూడా భయపడాలి. సర్జన్‌కి ఫోన్ చేసి చెబితే అతనూ అదే అన్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

కాసేపటికి అతనే ఫోన్ చేశాడు. మా ఊరి వైపువాడే, వయసులో చాలా చిన్నవాడు. "మేడం, వాళ్లు పేషెంటుని తీసుకెళ్లిపోతామంటున్నారండి. మీరొకసారి రండి."

"నేనొచ్చి ఏం చేస్తానయ్యా? ఇంతకీ నువ్వేం చెప్పావు?"

"ఉన్నదే చెప్పానండి. లోపల చీలింది, రక్తం వచ్చింది, ఇప్పటికైతే ఆపరేషన్ వద్దు, చూద్దాం అన్నాను."

విసుక్కుంటూనే వెళ్లాను. ఆటో నడిపే ఆ అన్న నన్ను చూడగానే అందుకున్నాడు. "ఏంది మేడం గిది? లోపల నెత్తురు గారిందంటరు, కొయ్యం అంటరు, చూద్దాం అంటరు. గరీబోళ్లమని గిట్ల జేస్తున్నరా? ఇంకో దవాఖానల ఎంటనే కోస్తరట. మేం తీస్కపోతం."

నాకు ఒళ్లు మండింది. ఆ ఆటో ఒక్క గుంతలో పడితే చాలు, కట్టిన గడ్డ ఊడొచ్చి మనిషి దారిలోనే పోతాడు. తీసుకెళ్లండి, తర్వాత మమ్మల్ని అడక్కండి అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. అంతవరకూ మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డ భార్య అప్పుడు నోరు తెరిచింది.

"చూద్దాం అంటె ఏందో నాకెర్కనే అమ్మా. గేటు చక్రం ఊగుతున్నదని మా ఆయన ఎన్నిసార్లు జెప్పిండో. చెప్పినప్పుడల్ల అసోసియేషనోళ్లు చూద్దాం అన్నరు. గా గేటే మీద వడ్డది. ఇప్పుడు మీరు గూడ గదే మాటంటున్నరు."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆమె అన్నదాంట్లో తప్పేముంది? లేదు అనడానికి నోరు రానప్పుడు మనమంతా చూద్దాం అనే అంటాం. పిల్లలు సైకిలడిగినా, పనిమనిషి సెలవడిగినా అదే మాట. సర్జన్ అన్న చూద్దాంలో మానిటర్లున్నాయి, రక్తపరీక్షలున్నాయి, సిద్ధంగా ఉంచిన థియేటర్ ఉంది. ఆమెకు వినబడిన చూద్దాంలో అవేవీ లేవు.

అన్నాచెల్లెళ్లిద్దరినీ నర్సుల దగ్గరున్న కంప్యూటర్ ముందుకు తీసుకెళ్లి బొమ్మ చూపించాను. "ఈ నల్లగీత చీలిన చోటమ్మా. మోకాలు కొట్టుకుపోతే పైన పక్కు కడుతుంది కదా, లోపల ఇప్పుడు అలా కట్టింది. గీకితే మళ్లీ నెత్తురొస్తుంది. మీ ఆయన్ని ఇప్పుడు కదిలిస్తే గీకినట్టే."

"మరి గది మానేదాంక మీరేం జేస్తరు?"

మళ్లీ అదే మాట రాబోయింది. మింగేశాను. ఆమె ఎవరి భార్యో గుర్తొచ్చింది.

"కావలి ఉంటాం," అన్నాను. "పగలూ రాత్రీ ఒక మనిషి మీ ఆయన దగ్గరే ఉండి నాడీ బీపీ చూస్తుంటారు. మాటిమాటికీ రక్తం పరీక్ష చేస్తారు. ఏ కాస్త తేడా వచ్చినా ఇక్కడే, వెంటనే కోస్తారు."

ఆమె వాచ్‌మన్ భార్య కదా, అడగాల్సిందే అడిగింది. "కావలోళ్లు నిద్రవోతె?"

"పోనివ్వను," అన్నాను.

ఆమె మొగుడి వంక చూసింది, బొమ్మ వంక చూసింది. తర్వాత అన్నతో, "నువ్వు ఆటో పక్కకు వెట్టుకో అన్నా," అంది.

మర్నాడు నర్సు నా దగ్గర మొత్తుకుంది. ఆమె స్టూలు మీంచి లేవడం లేదట, బీపీ చూసిన ప్రతిసారీ ఎంతుందని అడుగుతోందట. కాసేపు పడుకోమంటే, కావలి అన్నంక పండుకుంటరా అని నర్సునే గదమాయించిందట. నవ్వొచ్చింది. మధ్యాహ్నానికి ఆ నవ్వు లేదు. అతని నాడి వేగం పెరిగింది, ఒళ్లంతా చెమటలు. సర్జన్ థియేటర్ సిద్ధం చేయమని చెప్పి అతన్ని మళ్లీ స్కాన్‌కి పంపాడు.

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక స్కాన్ తెరవడానికి అంత భయపడ్డది అప్పుడే. తీసుకెళ్లిపోతామన్నవాళ్లను నా మాట మీద ఆపాను. ఒక్కొక్క బొమ్మే జరుపుతూ తెల్లచుక్క కోసం వెతికాను. చివరిదాకా వెళ్లి, మళ్లీ మొదటినుంచి వెతికాను. లేదు. చీలిక నిన్న ఉన్నంతే ఉంది, చుట్టూ రక్తం కూడా పెరగలేదు. నొప్పికీ, అప్పుడే తగిలిన జ్వరానికీ నాడి ఎగిరింది. సర్జన్‌కి ఫోన్‌లో చెప్పేసి, గదిలోంచి నేనే బయటికి వచ్చాను.

ఆమె గోడకు ఆనుకోకుండా నిలబడి ఉంది. ఆనుకుంటే కళ్లు మూతపడతాయని కాబోలు.

"నెత్తురు కారడం లేదమ్మా. పక్కు గట్టిగానే ఉంది. ఇవాళ కొయ్యక్కర్లేదు," అన్నాను.

ఏడవలేదు, దండం పెట్టలేదు. నేను చెప్పింది నిజమేనా అన్నట్టు కొంతసేపు నా మొహంలోకి చూసింది. తర్వాత, పనిలో సెలవు అడిగినంత మెల్లగా అడిగింది.

"ఇగ నేను జరసేపు పండుకోవచ్చా అమ్మా?"

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. పండుకో, నేను మేలుకునే ఉంటాను అన్నాను. ఆ మాట పూర్తిగా విన్నదో లేదో, బెంచీ మీద ఒరిగి అట్లాగే నిద్రపోయింది.