లింగంపల్లిలో నేను మూయించుకున్న బడి

నా జీవితంలో నేను ఒకే ఒక్క బడి పెట్టాను. అది ఎంత గొప్పగా నడిచిందంటే, దాన్ని మూయించడానికి సైకిళ్ళ మీద జనం రావలసి వచ్చింది. అలాంటి బడి మళ్ళీ ఇంకెవరూ పెట్టకుండా, ముందుజాగ్రత్తగా ఆ సంగతి చెబుతున్నాను. నవ్వదలచుకున్నవారు నవ్వవచ్చు. నాకు నవ్వు రావడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

అది అరవై తొమ్మిదో సంవత్సరం. మా ఆయనకు లింగంపల్లి దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికితే, తెనాలి పక్క పల్లె నుంచి నేనూ, మా ఎనిమిదేళ్ళ వసంతా ఆయన వెంట వచ్చాం. ఇప్పటివాళ్ళకు చెబితే నమ్మరు గాని, అప్పుడు స్టేషను దాటితే రాళ్ళు, రాళ్ళు దాటితే సీతాఫలం పొదలు, పొదలు దాటితే మళ్ళీ రాళ్ళు. మాదాపూర్ అంటే మేకలు మేసే చోటు. అక్కడ ఒకనాడు మనుషులు అద్దాల మేడల్లో కూర్చుని ఉద్యోగాలు చేస్తారని ఎవరైనా అని ఉంటే, ఎండదెబ్బ తగిలిందని మజ్జిగ ఇచ్చేవాళ్ళం.

మేం వచ్చి సామాను విప్పుకునేసరికి ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం ఊపందుకుంది. బళ్ళన్నీ మూతపడ్డాయి. "వారంలో తెరుస్తారులే" అన్నారు. ఆ వారం మా అత్తగారి కాశీయాత్రలాగా రేపూ ఎల్లుండీ అంటూ నెలలు సాగింది.

పక్క వాటాలో ఉండే మావైపు కుటుంబం మూటాముల్లె కట్టుకుని ఊరికి వెళ్ళిపోయింది. వాళ్ళతోబాటే వసంతకున్న ఒక్క స్నేహితురాలూ వెళ్ళిపోయింది. ఇక మాకు దగ్గర్లో ఉన్న మనిషల్లా గోడ అవతల ఉండే ఇంటి యజమానురాలు నర్సమ్మగారు. ఆవిడ మాట సగం నాకు అర్థమయ్యేది కాదు. నా మాట వినగానే బజారులో మనుషులు ఒక్క క్షణం ఆగి, తూకం వేసి, చిల్లర ఇచ్చి, మొహం తిప్పుకునేవారు. ఎవరూ ఒక్క చెడ్డమాట అనలేదు. అసలు మాటే అనలేదు. మా ఆయన పొద్దున్నే వెళ్ళి చీకటి పడ్డాక వచ్చి, పెరుగన్నం దాకా రాకుండానే కునుకు తీసేవారు.

వసంత కిటికీ ఊచలు పట్టుకుని వచ్చేపోయే రైళ్ళను చూస్తూ నిలబడేది. "ఆకలేస్తోందా" అంటే తల ఊపేది. "నిద్రొస్తోందా" అంటే తల ఊపేది. నోరు తెరిచి జవాబు చెప్పడం మానేసింది.

"ఏమండీ, పిల్ల మాటలు మరిచిపోయేలా ఉంది" అన్నాను ఒకరోజు.

"చదువు చెప్పు. నీకు ఎస్సెల్సీ ఉందిగా" అన్నారు ఆయన కళ్ళు మూసుకునే.

బతకలేక బడిపంతులు అంటారు. నేను ఊసుపోక బడిపంతులమ్మనయ్యాను.

మర్నాడే ప్రారంభోత్సవం. కంచం మీద గరిటెతో గంట కొట్టాను. తలుపు వెనక సుద్దముక్కతో తేదీ వేశాను. వసంతకు రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టి, చాప మీద కూర్చోబెట్టి, గొంతు సవరించుకున్నాను.

"ఏడెనిమిదులు ఎంత?"

వసంత రిబ్బను కొస సవరించుకుంది.

"రాదా?"

"వచ్చు."

"మరి చెప్పవేం?"

"బళ్ళో ముందు ఇద్దరు చెబుతారు. తరవాత నేను చెబుతాను."

"ఇక్కడ ముందు చెప్పడానికి ఇంకెవరున్నారే?"

"అందుకే చెప్పలేదు" అంది.

అందులో తప్పు పట్టడానికి నా ఎస్సెల్సీ చాలలేదు. చాలాసేపు ఆలోచించి, మంచం మీది దిళ్ళు రెండు తెచ్చి దాని పక్కన గోడకు ఆనించి కూర్చోబెట్టాను. నన్ను చూసి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఆ దిళ్ళ వంక చూసి, కొంచెం జరిగి, వాటికి చాప మీద చోటిచ్చింది.

అక్కడే నేను ఆగవలసింది. కాని ఇంకా పిల్లలు కావాలని అది అడిగితే కాదనే అలవాటు మా ఇంట్లో అప్పటికింకా లేదు. వారం తిరిగేసరికి మా బడిలో నాలుగు దిళ్ళు, ఒక బాలీసు, చుట్టిపెట్టిన పరుపు, ఒక బియ్యం బస్తా చేరాయి. వసంతతో కలిసి ఎనిమిది మంది. అందరికీ వసంతే పేర్లు పెట్టింది. బాలీసు పేరు సూర్యకుమారి. బస్తా పేరు గోవిందు. ఆడపిల్లల తరఫున వసంత సన్నగా "ప్రెజెంట్ టీచర్" అనేది. మగపిల్లల తరఫున నేను గొంతు బొంగురు చేసుకుని అనేదాన్ని. ఏడెనిమిదులు ముందు సూర్యకుమారి తప్పు చెప్పేది, తరవాత గోవిందు తప్పు చెప్పేవాడు, అప్పుడు వసంత ఒప్పు చెప్పేది.

"అమ్మా, గోవిందు రోజురోజుకీ చిక్కిపోతున్నాడు" అంది ఒకనాడు దిగులుగా.

చిక్కిపోడా మరి. రెండుపూటలా వాడినేగా వండుకు తింటున్నాం.

చదువుకు భయం కూడా ఉండాలని, ఏ రోజైనా ఇన్‌స్పెక్టరుగారు రావచ్చనీ, వస్తే లేచి దండం పెట్టాలనీ చెప్పి ఉంచాను. పిల్ల మాట్లాడుతోంది గదా అని నా సంబరం. అసలు రహస్యం మీకు మాత్రం చెబుతాను. ఒక మధ్యాహ్నం వసంత చాప మీదే నిద్రపోతే, నేను పాఠం ఆపలేదు. మా ఊళ్ళో కాలువ ఎటు పారుతుందో, మా అమ్మ పప్పులో చింతకాయ ఎప్పుడు వేస్తుందో దిళ్ళకు చెబుతూ కూర్చున్నాను. అవి ఎంత శ్రద్ధగా విన్నాయో చెప్పలేను. పాఠం అయ్యాక గదిలో ఫ్యాను చప్పుడు కూడా లేదు, మాకు ఫ్యాను లేదు గనక.

గోడలకు చెవులుంటాయంటారు. మా ఇంటి గోడకైతే నర్సమ్మగారి చెవులే ఉన్నాయి. ఒకరోజు బావి దగ్గర బొక్కెన దింపుతూ ఆవిడ అడిగారు.

"ఏం బిడ్డా, నీ ఇంట్ల బడి నడుస్తున్నదా ఏంది? పొద్దంత ఒకటే లొల్లి."

అదే మొదటిసారి ఆవిడ నన్ను అద్దె సంగతి కాక మరో సంగతి అడగడం. నిజం చెప్పవచ్చు. "దిళ్ళకు చదువు చెబుతున్నానండి" అని ఎలా అనను? ఆ ఒక్కమాటతో నాకు ఈ ఊళ్ళో ఉన్న కాస్త మర్యాదా బావిలో పడుతుంది.

"అవునండి, ఏదో కాలక్షేపం" అన్నాను.

"ఎంతమంది?"

"ఎనిమిది మందండి."

"అబ్బో. మరి వచ్చుడు పోవుడు కండ్లకు కనపడరేంది?"

"మంచి క్రమశిక్షణండి" అన్నాను.

ఆవిడ బొక్కెన పైకి లాగి, నీళ్ళు బిందెలో పోసి, కొంచెం మొహమాటంగా అడిగారు. "ఇంకో ఇద్దరికి జాగ ఉంటదా బిడ్డా?"

ఇద్దర్ని తెస్తే వాళ్ళు మొట్టమొదట కూర్చునేది గోవిందు పక్కనే గదా.

"నిండిపోయిందండి" అన్నాను. "ఒక్కరికి కూడా చోటు లేదు."

"అట్లనా" అని బిందె ఎత్తుకుని వెళ్ళిపోయారు.

ఆవిడ పాపం నొచ్చుకుని ఊరుకుంటే బాగుండేది. గొప్పపడ్డారు. తన ఇంట్లో టీచరమ్మ కిరాయికి ఉందనీ, ఎనిమిది మందికి చదువు చెబుతోందనీ, పిల్లలు గుళ్ళో ఉన్నంత బుద్ధిగా ఉంటారనీ కిరాణా కొట్టు దగ్గరా, స్టేషను దగ్గరా చెప్పారు. ఊరంతా బళ్ళు బందు పెడితే నా ఇంట్లో బడి నడుస్తోందన్న కబురు చేరవలసిన చోటికి చేరింది.

ఒకరోజు పొద్దున్న హాజరు మొదలుపెట్టబోతుండగా గుమ్మంలో సైకిలు గంటలు వినిపించాయి. ఆరేడుగురు కాలేజీ కుర్రాళ్ళు. ముందున్నతనికి నూనూగు మీసాలు. పేరు యాదగిరి అని తరవాత తెలిసింది. నేను తలుపు దగ్గరగా వేసి వాకిట్లోకి వచ్చాను. మా ఆయన ఫ్యాక్టరీలో ఉన్నారు. మావైపు వాళ్ళు ఆ వీధిలో ఇంకెవరూ లేరు.

"అమ్మా, మీరు బడి నడుపుతున్నరట గద" అన్నాడు యాదగిరి. అరవలేదు. అరిచి ఉంటే కొంచెం ధైర్యం వచ్చేది.

"బడా? లేదు బాబూ."

"ఎనిమిది మంది పిల్లలున్నరని అందరంటున్నరు. ఊరంత బందు పాటిస్తుంటే మీరొక్కరే నడుపుడు మంచిగుండదమ్మా."

"ఇంట్లో మా అమ్మాయి తప్ప ఎవరూ లేరు బాబూ. ఒట్టు."

సరిగ్గా అప్పుడే, టీచరు రావడం ఆలస్యమయిందని, క్లాసు లీడరయిన వసంత లోపల హాజరు తీయడం మొదలుపెట్టింది.

"సూర్యకుమారి" అని వినబడింది. వెంటనే సన్నటి గొంతుతో, "ప్రెజెంట్ టీచర్."

యాదగిరి నా వంక చూశాడు.

"మా అమ్మాయే" అన్నాను.

"గోవిందు." ఈసారి బొంగురు గొంతుతో, "ప్రెజెంట్ టీచర్."

"ఇది కూడా మా అమ్మాయే" అన్నాను.

"ఎంతమంది అమ్మాయిలమ్మా మీకు?"

"ఒక్కతే బాబూ."

వెనకున్న కుర్రాడు ఒకడు దగ్గినట్టు నటించాడు. ఈ సందడికి నర్సమ్మగారు చీపురు చేత్తోనే వచ్చారు. "ఏందిరా, ఆడమనిషి ఒక్కతి ఉన్నకాడికి గింతమంది వస్తరా? జరుగుండ్రి, నేను చూస్త" అంటూ నన్ను కాపాడే ఉత్సాహంలో తలుపు బార్లా తెరిచారు.

గోడ వారగా దిళ్ళు నాలుగు, ఒక్కోదాని ముందు ఒక్కో కాగితం ముక్క. సూర్యకుమారికి రిబ్బను. చివర గోవిందు, సగం ఖాళీ అయి ముందుకు వంగి, తప్పు చేసినవాడిలా. వసంత లేచి నిలబడి చేతులు జోడించింది.

"నమస్కారమండి ఇన్‌స్పెక్టరుగారూ. పిల్లలూ, లేవండి" అంది.

ఎవరూ లేవలేదు. నేను నేల వంక చూస్తున్నాను. నేల చీలితే అందులోకి సీత వెళ్ళిందంటారు గాని, లింగంపల్లి నేలంతా బండరాయి.

యాదగిరి చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. బస్తా ముందు గొంతుక్కూర్చుని, "ఈ పిలగాని పేరేంది?" అన్నాడు.

"గోవిందండి."

"ఏడెనిమిదులు ఎంతరా గోవిందు?"

"వాడికి ఒంట్లో బాగుండటం లేదండి" అంది వసంత.

"మరి నువ్వు చెప్పు."

వసంత చెప్పలేదు. నాకు తెలుసు గనక నోరు విప్పక తప్పలేదు. "ముందు ఇద్దరు చెబితే గాని అది చెప్పదు బాబూ. స్నేహితులెవరూ లేరు. అందుకనే ఇవన్నీ" అన్నాను.

యాదగిరి గుమ్మంవైపు చూశాడు. "అరే, చెప్పుండ్రిరా."

"యాభై" అన్నాడు గుమ్మంలోని పొడుగు కుర్రాడు.

"అరవై రెండు" అన్నాడు ఇంకొకడు. వాడు మాత్రం నిజంగానే అలా అనుకున్నాడని ఇప్పటికీ నా అనుమానం.

"యాభై ఆరు" అంది వసంత గట్టిగా.

"శాబాష్" అని యాదగిరి లేచాడు. "మంచిగ చెప్తున్నరమ్మా. కని బందంటే బందే. మాట తప్పొద్దు. పిల్లలను ఇండ్లకు తోలియ్యాలె."

అందరూ కలిసి నా బడి మూసేశారు. దిళ్ళు మంచం మీదికి చేరాయి. పరుపు మూలకు వెళ్ళింది. గోవిందును ఇద్దరు పట్టుకుని జాగ్రత్తగా వంటింట్లో దింపారు. తలుపు వెనక తేదీ తుడిచి, సైకిళ్ళెక్కి వెళ్ళిపోయారు.

నర్సమ్మగారు మాత్రం గడప మీద కూలబడ్డారు.

"ఎనిమిది మంది అన్నవు."

"అన్నానండి."

"జాగ లేదన్నవు."

"అన్నానండి."

"గోపన్‌పల్లిల నా బిడ్డ పిల్లలు ఇద్దరున్నరు. బడి లేక పరేషాన్ చేస్తున్నరని నీ దగ్గర కూసోబెడదామనుకున్న. జాగ లేదంటివి. ఆ దిక్కోళ్ళు మా పోరగాండ్లను రానియ్యరేమో అని నేనూ మల్ల అడగలే. దిళ్ళకు జాగ ఇచ్చినవు గద బిడ్డా."

నాకు నవ్వు రావలసిన చోట ఏడుపొచ్చింది. ఆవిడకు కోపం రావలసిన చోట నవ్వొచ్చింది. ఎంత నవ్వారంటే చీపురు విడిచిపెట్టి కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. "గా బియ్యం పిలగాడు" అని మళ్ళీ నవ్వారు.

రెండురోజుల్లో గోపన్‌పల్లి నుంచి మల్లేశు, వాడి చెల్లెలు యాదమ్మ వచ్చారు. బందంటే బందే గనక చదువు లేదు. ముగ్గురూ రాళ్ళ మీదికి పోయారు. సాయంత్రం వసంత మోకాలు గీరుకుని, జడ నిండా పల్లేరుకాయలతో తిరిగొచ్చి, వీధిలోంచే కేకేసింది. "అమ్మా, జల్ది రా, ఆకలైతుంది." ఆ కేక విని మా ఆయన, "ఎవరి పిల్లే అది" అన్నారు.

ఇక అది పగలు ఇంట్లో ఉండలేదు. మొదటిరోజు సంతోషించాను. రెండోరోజు వంట తొందరగా అయిపోయింది. మూడోరోజు ఏం చేయాలో తోచక గది మధ్యన నిలబడ్డాను. ఇల్లు అంత చప్పుడు లేకుండా అంతకుముందెప్పుడూ లేదు. గోడ అవతల నర్సమ్మగారు దగ్గారు. ఏమనిపించిందో, నేనూ దగ్గాను.

"ఏంది బిడ్డా, పిలిచినవా?" అన్నారు అటునుంచి.

"లేదండి" అన్నాను. అలవాటు అంత త్వరగా పోతుందా. తరవాత గోడ దగ్గరికి వెళ్ళి, "పిలిచానండి" అన్నాను.

ఆవిడ తమలపాకుల పళ్ళెంతో వచ్చేలోపల, మూలనున్న పరుపు చుట్ట సాక్షిగా నేను చేసిన ప్రతిజ్ఞ ఇది. ఇకముందు ఎంత బుద్ధిమంతుడైనా సరే, తినే వస్తువును బడిలో చేర్చుకోను. ఇంట్లో ఒక్కదాన్నే ఉండగా ఎవరైనా వచ్చి జాగ ఉందా అని అడిగితే, నిండిపోయిందని ఈ జన్మలో చెప్పను.