లాగి తెగినదీ, అరిగి తెగినదీ

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ జిప్పులమ్మే. బడి సంచులు, ప్రయాణపు పెట్టెలు, చలికోట్లు, ఏదైనా సరే, జిప్పు పళ్ళూడినా రన్నర్ జారినా ఆవిడ దగ్గరికి రావలసిందే. దుకాణమంటే ఇంటి ముందు గదే. కిటికీ కింద కుట్టు మిషను, మేకులకు వేలాడే పట్టీలు, డబ్బా నిండా రన్నర్లు. గుమ్మం మీద చెక్కపై తానే రంగుతో రాసుకున్న బోర్డు: "జిప్పులమ్మ". ఆ పిలుపు వాడుకలో పడిన రోజున ఆవిడకు కాళ్ళు నేలమీద ఆనలేదు.

పని ఎవరూ నేర్పలేదు. జనం పారేసిన సంచులు తెచ్చుకుని, కుట్లు విప్పి చూసి, మళ్ళీ కుట్టి నేర్చుకుంది. సూదులు విరిగాయి, వేళ్ళకు చిల్లులు పడ్డాయి, పని చేతికొచ్చింది. విప్పగా విప్పగా ఇంకో సంగతి కూడా పట్టుబడింది. తెగిన చోటు చూస్తే చాలు, ఎలా తెగిందో తెలిసిపోయేది. అరిగి తెగిన పట్టీ అంచు దూదిలా రేగి ఉంటుంది. లాగి తెగినదైతే కుట్టు వేళ్ళతో సహా పెకలివస్తుంది, గుడ్డను కూడా కాస్త చీల్చుకుని.

అందుకే, ఆరో తరగతి చదివే కూతురి సంచి పట్టీ మొదటిసారి ఊడి వచ్చినప్పుడే ఆవిడకు తెలిసింది అది లాగితే తెగిందని. ఎలా తెగిందే అని అడిగితే, బస్సు తలుపులో ఇరుక్కుందంది పిల్ల. ఆవిడ సరేనంది. మాటలు పెంచడం కంటే కుట్టెయ్యడం ఆవిడకెప్పుడూ తేలిక. కొన్నాళ్ళకు మళ్ళీ ఊడింది. మళ్ళీ బస్సు తలుపే. పిల్ల ఇంట్లో మాట్లాడడం కూడా తగ్గించింది. ఆవిడ అది చూడకపోలేదు. కానీ చేతిలో ఉన్న పని పట్టీ.

ఈసారి పంతం పట్టి కూర్చుంది. మైనం రాసిన లావు దారం తీసి, పలకలా నాలుగు వైపులా కుట్టి, మధ్యలో గుణకారం గుర్తు వేసి, దాని మీద ఇంకో వరస కుట్టింది. ఏనుగు లాగినా ఊడదని అత్తగారికి చూపించి మరీ మురిసిపోయింది.

మర్నాడు సాయంత్రం పిల్ల ఇంటికి వచ్చేసరికి మోచెయ్యి దోక్కుపోయి ఉంది, గౌను వెనక అంతా దుమ్ము. ఆవిడ చూపు ముందు పట్టీ మీద పడింది. ఒక్క పోగు కదల్లేదు.

"పట్టీ బాగానే ఉందే!" అంది, నోరు జారినట్టుగా.

"పట్టీకేమమ్మా, బాగానే ఉంది. అందుకే నేను పడ్డాను."

ఆ మాటకు ఆవిడ చేతిలోని కత్తెర కిందపెట్టేసింది. ఇదివరకు ఎవరో లాగితే పట్టీ తెగి వాళ్ళ చేతిలోకి పోయేది, పిల్ల నిలబడి ఉండేది. ఇప్పుడు పట్టీ తెగలేదు, పిల్లే వెల్లకిలా పడింది. తను గట్టిగా కుట్టింది పిల్లను పడేసే తాడునన్నమాట.

గాయం కడిగి, ఆవిడ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి నిలదీయలేదు. ఒక పాత సంచి చేతికిచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని కుట్లు విప్పమంది. తనూ ఇంకోవైపు నుంచి విప్పసాగింది. సగం కుట్లు ఊడేసరికి మాటలు బయటికి వచ్చాయి. బడిలో తనను జిప్పు అంటారట. జవాబు చెప్పడానికి చెయ్యెత్తితే వెనకనుంచి "జిప్పూ, మూసుకో" అంటారట. అందుకే చెయ్యెత్తడం మానేసింది. ఇంటికి వెళ్ళే గంట కొట్టాక మెట్ల మీద ఒక పొడుగు పిల్ల, "తెరుచుకుందేమో చూద్దాం" అంటూ సంచి పట్టుకుని లాగుతుంది. మిగతావాళ్ళు నవ్వుతారు.

"నాకు చెప్పొచ్చుగదే."

"బోర్డు మీద ఉన్నది నీ పేరే కదమ్మా. చెప్తే తీసేస్తావని."

ఆవిడకు ఒళ్ళు మండింది. రేపు గేటు దగ్గర ఆ పొడుగుదాని చెవి మెలిపెడతానని లేచింది.

"నువ్వు ఆ పిల్ల చెవి పట్టుకుంటే, ఎల్లుండి దీని రెండు చెవులూ వాళ్ళు పట్టుకుంటారు. కూర్చో," అంది అత్తగారు. "అడగాల్సింది దీన్ని."

అడిగింది. తను ఏం చేస్తే బాగుంటుందో చెప్పమంది. క్లాసులో అందరి ముందూ ఎవరినీ అడగొద్దనీ, మెట్ల దగ్గర పెద్దవాళ్ళెవరైనా ఉంటే చాలనీ చెప్పింది పిల్ల.

మర్నాడు పొద్దున బడి గంట కొట్టకముందే ఆవిడ క్లాసు టీచరమ్మను కలిసింది. అరుపులూ ఏడుపులూ లేకుండా, ఎక్కడ చిరిగిందో చెప్పినట్టే, ఎక్కడ, ఎప్పుడు, ఏమంటారో చెప్పింది. టీచరమ్మ పిల్లలన్నాక మామూలే అనలేదు. పిల్ల నాతో చెప్పలేకపోయిందంటే తప్పు నాది కూడా అంది. ఆ సాయంత్రం నుంచి మెట్ల మలుపులో తనే నిలబడింది. లాగినవాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి మాట్లాడింది, వాళ్ళ ఇళ్ళకూ కబురు పంపింది. నవ్వినవాళ్ళను, మీ నవ్వు లేకపోతే ఆ చెయ్యి లాగేదా అని అడిగింది. పక్క బెంచీ పిల్ల మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదట, తనూ నవ్వింది కాబట్టి. తెల్లారాక వచ్చి పక్కన చేరి, రోజూ కలిసి మెట్లు దిగడం మొదలుపెట్టింది. ఎవరో మళ్ళీ జిప్పూ అంటే, "దానికి పేరుంది" అని తిప్పికొట్టింది. పొడుగు పిల్ల స్నేహం చెయ్యలేదు, క్షమాపణా చెప్పలేదు. లాగడం మానేసింది. అది చాలు.

చలి రోజులు పోయి ఎండలు ముదిరాక, ఒక సాయంత్రం పిల్ల ఊడిన పట్టీ పట్టుకుని వచ్చింది. ఆవిడ సంచి లాక్కుని కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూసింది. కుట్లన్నీ చెక్కుచెదరలేదు. వాటి పైన, భుజం మీద ఆనే చోట పట్టీ వెలిసి, పల్చబడి, అంచు దూదిలా రేగి ఉంది. వేలితో తడిమి మళ్ళీ చూసింది. అరిగి తెగింది. ఊరికే, పుస్తకాల బరువుకు, ఏ సంచి పట్టీ అయినా తెగినట్టే తెగింది. ఆవిడ అప్పుడు గాని ఊపిరి వదల్లేదు.

చూసి తెలుసుకున్నా, అడగడం మానలేదు. "ఎలా తెగిందే?"

"దానంతటదే," అంటూ పిల్ల అందుకుంది. లెక్కల క్లాసులో తను చెయ్యెత్తడం, తప్పు చెప్పడం, మళ్ళీ ఎత్తడం, పక్క బెంచీ పిల్ల కిటికీలోంచి చెప్పు జారవిడవడం, అంతా ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయింది.

అత్తగారు రెండు చెవులూ మూసుకుంది. "దీని నోటికి వేసే రన్నర్ ఏదైనా ఉందిటే నీ డబ్బాలో?" అనేసి, చటుక్కున నాలిక్కరుచుకుంది.

పిల్ల మాత్రం పకపకా నవ్వింది. "అది అరిగిపోయింది నాయనమ్మా," అని మళ్ళీ లెక్కల క్లాసులోకి వెళ్ళిపోయింది.

జిప్పులమ్మ ఆ మాటలు వింటూనే మేకు మీదనుంచి కొత్త పట్టీ దించి, మామూలు దారంతో మామూలు కుట్టే వేసింది.