మా ఇంట్లో అనకూడని మాట

ఈ మధ్య పొద్దున్నే మా వీధిలోకి ఉల్లిగడ్డల ఆటో వస్తోంది. నాగర్‌కర్నూల్‌లో ఇప్పుడు అమ్మేవాళ్లెవరూ గొంతు చించుకోవడం లేదు, ఒకసారి రికార్డు చేసి పెడితే మైకే అరుస్తుంది. "ఉల్లిగడ్డా... ఉల్లిగడ్డా..." అంటూ అది మలుపు తిరగగానే నా చేయి నాతో చెప్పకుండానే మెడ మీదికి పోతుంది. మొన్నొక రోజు అట్లాగే పోయింది. కుడి దవడ కింద ఏదో తగిలింది. తగిలినట్టు అనిపించింది అనాలి, ఎందుకంటే నా వేళ్లను నేను నమ్మను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మా అబ్బాయి బడికి పోయే రోజుల్లో నా మెడకు ఒక గడ్డ లేచింది. హైదరాబాదు దవాఖానలో అది క్యాన్సరనీ, పేరు లింఫోమా అనీ చెప్పారు. మా అత్తమ్మకు అది లింపమ్మ అని వినబడింది. "ఏ ఊరి దేవతనే ఇది? యాటను కోస్తే పోతదా?" అని అడిగింది. ఏడుస్తున్నదాన్ని ఫక్కున నవ్వాను. సూదిమందులూ, రేడియేషన్ కరెంటు పెట్టడాలూ అన్నీ అయ్యి, బోడిగుండుతో నేను ఇంటికి వచ్చేసరికి ఆమె ఒక చట్టం చేసి పెట్టింది. ఈ ఇంట్లో ఎవరూ 'గడ్డ' అనే మాట ఎత్తకూడదు.

పాలమూరు మనిషికి అదెంత కష్టమో ఆలోచించండి. మాకు ఉల్లీ గడ్డే, ఎల్లీ గడ్డే, ఆలూ గడ్డే. వంటింట్లో సగం గడ్డలే. అత్తమ్మ టీవీ చూసి 'ఉల్లిపాయ' నేర్చుకుంది. బంగాళాదుంప ఆమె నోట బంగారు దుంప అయింది. కిరాణా కొట్టాయన, "ఏంది పెద్దమ్మా, కోస్తా దిక్కు పోయొచ్చినవా? బంగారు దుంపలు కావాల్నంటే సేటు దుకాణానికి పో" అని ఆటపట్టించేవాడు. ఆమె చలిస్తే కదా! గడ్డ పెరుగు అని నోరు జారినందుకు మా ఆయనకు ఆ పూట పెరుగే వేయలేదు. కన్నకొడుకని కూడా చూడలేదు.

నా జుట్టు మళ్లీ పెరిగాక రోజూ సాయంత్రం అత్తమ్మ వాకిట్లో కూర్చోబెట్టుకుని తల దువ్వేది. నూనె నెత్తికి తక్కువ, చెవుల వెనకా మెడ పక్కలా ఎక్కువ. కోడలంటే ఎంత ముద్దో అని మురిసిపోయాను. ఆ వేళ్లు ముద్దు చేయడం లేదు, వెతుకుతున్నాయి అని కొన్నాళ్లకు గానీ తెలియలేదు. తెలిసినా తెలియనట్టే కూర్చునేదాన్ని. వేళ్లు ఎక్కడైనా ఆగితే నా ఊపిరి ఆగేది. చివరికి "ఇగ లే, దీపం పెట్టు" అనేది. ఆ మాటతో ఆ రోజుకు గండం గడిచేది.

"నయమైంది గదా, అదృష్టమంతురాలివి" అంటారు అందరూ. కాదని నేను మాత్రం అంటానా? అయితే నయమైన మనిషి ఎట్లా బతుకుతుందో ఎవరూ అడగరు. కరెంటు పెట్టిన నాటి నుంచి నోట్లో తడి లేదు, జొన్నరొట్టె ముక్క ముక్కకూ నీళ్లు తాగాలి. పళ్లు ఒకటొకటే పుచ్చిపోతున్నాయి. మందులకు వేళ్ల కొసలు మొద్దుబారి, మళ్లీ తేరుకోలేదు. మల్లెలు మాల కట్టలేను, బియ్యంలో రాయి చేతికి తెలియదు. మధ్యాహ్నమయ్యేసరికి ఒళ్లు సోలిపోతుంది. పెళ్లిళ్లలో నేనొక కుర్చీ చూసుకుని కూలబడితే, "నకరాలు జూడు" అని వెనక గుసగుసలు. వీటన్నిటికీ అలవాటు పడ్డాను. భయానికే అలవాటు పడలేకపోయాను.

అత్తమ్మ పోయింది, ఆమెతో పాటు ఆ వేళ్లూ పోయాయి. అందుకని ఆ రోజు మా కోడలిని పిలిచాను. గద్వాల పిల్ల, కాపురానికి వచ్చి ఏడాది కాలేదు, మా ఇంటి చట్టం ఎరగదు.

"జర ఇక్కడ చెయ్యి పెట్టి చూడు బిడ్డా" అన్నాను.

నొక్కి చూసింది. "అవునత్తమ్మా, చిన్న గడ్డున్నది. పల్లిగింజంత" అంది, చిక్కుడుకాయలో పురుగుందని చెప్పినంత తేలిగ్గా. అరుగు మీద పేపరు చదువుతున్న మా ఆయన పేపరు మడిచేశాడు. "ఏమైందత్తమ్మా, తప్పు మాట్లాడిననా?" అని పాపం ఆ పిల్ల బిక్కమొహం వేసింది.

మళ్లీ హైదరాబాదు. సూదితో కొంచెం తీసి పరీక్షకు పంపారు. జవాబు వచ్చేదాకా అన్నం సయించలేదు. కొడుకుకు ఎవరు వండిపెడతారన్న నాటి దిగులు ఇప్పుడు లేదు, అయినా చావాలని లేదు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఇంకా బతకాలని ఉంది. ఆ ఎదురుచూపులో బీచుపల్లి పదే పదే గుర్తుకొచ్చింది. మందులన్నీ అయిపోయిన ఏడాది మొక్కు తీర్చడానికి అత్తమ్మే నన్ను అక్కడికి తీసుకుపోయింది. కృష్ణలో మునిగి మెట్లెక్కి వస్తే, నా తల కొంగుతో తుడుస్తూ, "గడ్డకు వడ్డవ్ బిడ్డా" అంది. ఒడ్డును కూడా మేము గడ్డ అనే అంటాం. అన్న తర్వాత చప్పున నాలుక కరుచుకుంది. నేను నవ్వాను. ఆమె మాత్రం, నా రోగం పొడుగునా కన్నీటి చుక్క రాల్చని మనిషి, ఆ మెట్ల మీద కూర్చుని భోరుమంది.

నిన్న డాక్టరు ఫోన్ చేశాడు. పుచ్చిన పన్ను వల్ల వచ్చిన వాపేనట, ఆ రోగం కాదట. "ఏం లేదంట గద అత్తమ్మా! ఇంకేం పరేషాన్?" అని కోడలు నన్ను చుట్టేసుకుంది.

ఈ పొద్దున ఆటో రాగానే నేనే వీధిలోకి పోయి, "రెండు కిలోలు ఉల్లిగడ్డ" అని అత్తమ్మకు కూడా వినబడేంత గట్టిగా అడిగాను. సంచి ఒక చేతిలో ఉంది. రెండో చేయి ఎక్కడుందో మీకు చెప్పనక్కరలేదు. అత్తమ్మ మాట అబద్ధం కాదు, గడ్డకు పడ్డాను. ఇన్నేళ్లయినా పాదాల తడే ఆరలేదు.