కదలొద్దు సారు

భద్రాచలం బస్టాండు దగ్గర నాకు ఫొటో స్టూడియో ఉండేది. స్టూడియోలో కూర్చుంటే ఇల్లు గడవదు. అందుకని ఒక నీలం బట్ట, కెమెరా మోపెడ్ మీద వేసుకుని అడవి గూడేలకు తిరిగేవాణ్ణి. రేషన్ కార్డులకూ పింఛన్లకూ ఫొటోలు కావాలి కదా. గుడిసె గోడకు బట్ట కట్టి, మనుషుల్ని దాని ముందు నిలబెట్టి "కదలొద్దు" అనేవాణ్ణి. ఎవరైనా తల తిప్పితే రీలు పాడవుతుందని నా ప్రాణం ఉసూరుమనేది, కాబట్టి కాస్త గట్టిగానే అనేవాణ్ణి. కొన్నాళ్లకు నా పేరు అక్కడెవరికీ గుర్తులేకుండా పోయింది. మోపెడ్ చప్పుడు వినబడితే చాలు, "కదలొద్దు సారొచ్చిండు" అని పిల్లలు అరిచేవాళ్లు. పెద్దవాళ్లు దువ్వెనలు వెతుక్కునేవాళ్లు.

ఒక గూడెంలో ఓ ముసలమ్మ ఉండేది. అవ్వా అని పిలిచేవాణ్ణి. నోరు విప్పితే నవ్వే, నవ్వితే ఒక పట్టాన ఆగేది కాదు. పింఛను కోసం ఆమెకు తీసిన ఫొటో ఇవ్వడానికి వెళ్లినప్పుడు కోడలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏంది సారూ గిట్లుంది? మా అత్తను ఎవలో తిట్టి నిలబెట్టినట్టుంది."

అందరూ నవ్వారు. అవ్వే అందరికన్నా గట్టిగా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఇంటికొచ్చేదాకా ఆ మాట నన్ను వదల్లేదు. స్టూడియోలో పాత ఫొటోలన్నీ ముందేసుకుని చూశాను. ఎన్ని ముఖాలో! ఒక్కటీ నవ్వడం లేదు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

అప్పటికి నేనూ మా బావమరిదీ కలిసి ఒక వీడియో కెమెరా కొన్నాం. అతనుండేది ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో. పెళ్లిళ్లుంటే కెమెరా అతని దగ్గర, లేకపోతే నా దగ్గర. దాంతో అవ్వ ఇప్పపువ్వు ఏరడం చిన్న సినిమాగా తీయాలని నాకు పట్టుకుంది. అవ్వను అవ్వలా చూపించాలి, అంతే. ఇంట్లో చెబితే మా ఆవిడ, "మంది పెండ్లిళ్లు తియ్యాల్సినోడివి, అడవిలో పువ్వులేరుకుంట తిరుగుతవా?" అంది. ఇప్పపువ్వు రాలడమూ పెళ్లిళ్లు ముంచుకురావడమూ ఒకే కాలంలో మరి. బావమరిది ఫోన్లోనే తేల్చేశాడు.

"తల్లాడల పెండ్లి ఉంది బావా. బేస్తవారం పొద్దటి బస్సుల కెమెరా పంపియ్యి. లేకుంటే ఇగ నీ దారి నీది, నా దారి నాది."

బేస్తవారంలోపు తీయకపోతే మళ్లీ ఏడాదికే. మళ్లీ ఏడాదికి కెమెరా ఉంటుందో లేదో.

బాట పక్కనే ఒక పెద్ద ఇప్పచెట్టు చూసుకున్నాను. పొద్దున లేత ఎండ సరిగ్గా దాని మొదట్లో పడుతుంది, కింద నేలంతా పువ్వు. అవ్వ చేతికి గంప ఇచ్చి అక్కడికి తీసుకెళ్లి, "ఏరవ్వా" అన్నాను. అవ్వ గంప పక్కన పెట్టి, చేతులు కిందికి వదిలి, కెమెరా వైపు చూస్తూ నిలబడిపోయింది. పొద చాటు నుంచి తీశాను. కెమెరా ఆపేశానని అబద్ధం చెప్పాను. అవ్వ వెంట వచ్చిన కుక్క కదిలింది గానీ అవ్వ కదల్లేదు. మర్నాడూ అదే తంతు. ఊరందరికీ కదలొద్దని నేర్పిందెవరు? చేసుకున్నవాడికి చేసుకున్నంత అనుకున్నాను.

బేస్తవారం తెల్లారింది. బస్సు టైము దగ్గర పడుతోంది. నాకు ఓపిక పోయింది.

"కదలవ్వా! ఒక్క పువ్వన్నా తియ్యి!"

అవ్వ నా వైపు వింతగా చూసింది. "ఎట్ల తియ్యాలె సారూ? గీ చెట్టు మాది గాదు."

తాతల నాటి నుంచీ ఏ ఇంటి చెట్టు ఆ ఇంటిదేనట. ఒకరి చెట్టు కింద ఇంకొకరు వంగరట. "వాళ్ల పువ్వు ముట్టుకుంటే రేపు వాళ్ల మొఖమెట్ల చూడాలె?" అంది.

"మరి ముందే చెప్పకపోయినవా?"

"కెమెరా పెట్టినవు, నిలబడ్డ. ఫొటోకు ఏ చెట్టయితేంది?"

అక్కడే కూలబడ్డాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అవ్వే గంప నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది.

వాళ్ల చెట్టు వాగు అవతల ఉంది. వంకర చెట్టు, చుట్టూ గుబురు నీడ. ఈ వెలుతురులో ఏం కనబడుతుందిలే అని నీరుగారిపోయాను. అవ్వ మాత్రం గంప దించీ దించగానే వంగింది. వేళ్లు చకచకా కదులుతున్నాయి. తన భాషలో ఏదో కూనిరాగం తీస్తోంది, మధ్యలో కుక్కను తిడుతోంది, తనలో తనే నవ్వుకుంటోంది. నేనున్నానన్న సంగతే మరిచిపోయింది. ఊపిరి బిగబట్టి తీశాను. చాలాసేపటికి తలెత్తి, "ఊకె నిలబడ్డవేంది సారూ? నువ్వు గూడ ఏరు, జల్దీ అయితది" అంది. కెమెరాను మొద్దు మీద పెట్టి నేనూ వెళ్లి వంగాను. దూరాన బస్సు హారన్ వినబడింది. నేను లేవలేదు.

కెమెరా పట్టుకుని మోపెడ్ మీద తల్లాడ చేరేసరికి పొద్దు వాలింది. బావమరిది నా దగ్గరికొచ్చి ముక్కు ఎగబీల్చాడు. "తాగొచ్చినవా బావా?" అన్నాడు. నా చేతులకూ చొక్కాకూ సారా కాచే ఇప్పపువ్వు వాసన. ఆ తర్వాత చాన్నాళ్లు అతను నాతో మాట్లాడలేదు.

సినిమా కూర్చాక గూడెం తీసుకెళ్లాను. అవ్వ కోడలు వాకిట్లో మంచం మీద టీవీ పెట్టింది. తెర మీద అవ్వ వంగుతోంది, లేస్తోంది, నవ్వుతోంది. చూస్తున్న అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అవ్, గీమె మా అత్త" అంది కోడలు.

ఇంతలో తెరలోకి నేనొచ్చాను. తీసేద్దామనుకునీ తీయలేకపోయిన ముక్క అది. నాలుగు పువ్వులు ఏరి తలెత్తాను. ఆ రోజు మొద్దు మీద కెమెరా ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది, ఆపడం మరిచాను. చూసిన మరుక్షణం నా చేతులు కిందికి జారాయి, గడ్డం పైకి లేచింది. రేషన్ కార్డు ఫొటోకు నిలబడ్డట్టు బిగుసుకుపోయాను. పక్కనుంచి అవ్వ గుప్పెడు పువ్వు నా మీదికి విసిరింది.

"కదులు సారూ, పొద్దెక్కుతంది!"

వాకిలంతా విరగబడి నవ్వింది. ఆ తర్వాత ఇంకొన్ని సినిమాలు తీశాను, స్టూడియో మూసేశాను. ఇప్పటికీ ఆ గూడేనికి వెళితే పిల్లలు ఎదురొచ్చి, "కదులు సారొచ్చిండు" అని అరుస్తారు.