మగ్గం బరువైంది

రష్యాలో వైద్యం చదువుతున్న నేను, మూడో ఏడు సెలవులకు ఎమ్మిగనూరు వచ్చాను. తిరిగి వెళ్లగానే ఒక పరీక్ష ఉంది. రోగిని రష్యన్‌లోనే ప్రశ్నలడిగి ఎక్కడ నొప్పి, ఎలాంటి నొప్పి అని రాబట్టాలి. అందులో తప్పితే ఏడాది పోయినట్టే.

నాకు చుక్కలు చూపించింది ఒకే ఒక్క ఇంగ్లీషు మాట, పెయిన్. నిఘంటువు తెరిస్తే ‘బోల్’ అని ఉంది. సరే అనుకున్నాను. ప్రసవం నొప్పులకు అది పనికిరాదట, ‘స్ఖ్వాత్కి’ అనాలట. ఇంగ్లీషులో పెయిన్స్ తీసుకోవడమంటే శ్రద్ధగా కష్టపడటం, దానికి ‘స్తరానియే’. ప్రాణం తోడేసే మనిషినీ ఇంగ్లీషువాళ్లు పెయిన్ అంటారు, దానికి ఇంకో మాట. పోనీ ఒంటినొప్పయినా ఒకటేనా అంటే, సలుపుతుంటే ‘నోయెత్’, పొడుస్తుంటే ‘కోలెత్’, గుంజుతుంటే ‘త్యానెత్’. నా ఖర్మ! పొద్దున నేర్చుకున్నది మధ్యాహ్నానికి కలగాపులగమయ్యేది.

అమ్మ మగ్గం గుంతలో కూర్చుని నేస్తుంటే, పక్కనే చాప వేసుకుని ఇవన్నీ గట్టిగా వల్లించేదాన్ని.

“ఏం పాపా, పొద్దున్నుంచి నొప్పి నొప్పి అంటాండావు, యాడ నీకు నొప్పి?” అంది అమ్మ నవ్వుతూ.

“తలకాయలో!” అని కసిరాను.

ఆ వారంలోనే అమ్మ అంది: “మగ్గం శానా బరువైంది పాపా. ఎడమపక్క చెక్క దిగడంల్యా.”

గుంతలోకి దిగి, కాళ్లతో తొక్కే చెక్కల తాళ్లు వదులు చేశాను. అవి తిరిగే చోట నూనె పోశాను. మర్నాడూ అదే మాట. తాళ్లే మార్చేశాను. అయినా బరువేనంది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

“నేసేదానికి బద్ధకమై సాకులు చెప్తాండావా మా?” అనేశాను.

మూడో రోజు ఆమెను లేపి నేనే కూర్చున్నాను. ఎడమ చెక్క తొక్కితే హాయిగా దిగింది. మళ్లీ తొక్కాను. మళ్లీ దిగింది. నాకేమీ అర్థం కాలేదు. తలెత్తి చూస్తే అమ్మ చెప్పులేసుకుని వాకిట్లోకి నడుస్తోంది. ఎడమకాలి చెప్పు గడప దగ్గరే ఉండిపోయింది. ఆ సంగతి ఆమెకు తెలియనే లేదు.

మా వీధిలో నేసేవాళ్లెవరూ ఒళ్లు బాగాలేదనరు. చేయి లాగితే, దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లే నాడె సరిగా ఆడటం లేదంటారు. కళ్లు మసకబారితే నూలు మంచిది కాదంటారు. పుట్టినప్పటి నుంచి వింటున్నాను. అయినా నూనె పోశాను! సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ రోజే కర్నూల్లో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

“నొప్పి ఉందామ్మా?” అన్నాడాయన.

“ల్యా సార్,” అంది అమ్మ.

నేను నేర్చిన మాటలన్నీ గుర్తు తెచ్చుకున్నాను. సలుపా, పోటా, గుంజడమా? ఒక్కటీ అమ్మకు సరిపోలేదు. ఆయన అమ్మ పాదం పైకెత్తమన్నాడు. అది లేవలేదు.

“నడుము దగ్గర నరం నలిగినట్టుంది. ఎన్నాళ్లుగా ఇలా ఉందో చెప్పండి. ఆలస్యమైతే ఈ కాలు మళ్లీ మామూలుగా రావడం కష్టం.”

నేను అమ్మ వైపు తిరిగాను. “మగ్గం ఎప్పటి నుంచి బరువైంది మా?”

అమ్మ నన్ను వింతగా చూసింది.

“ఉగాది ముందర్నుంచి. నువ్వు రష్యా నుంచి ఫోన్ చేసినప్పుడల్లా చెప్తానే ఉంటి గదా పాపా. నూనె పోయమంటివి.”