స్పేరు బల్ల

ఎవరి బండి ఎక్కినా మా జగన్నాధం మావయ్య కుడికాలు ఊరుకోదు. ఆటోలో వెనక కూర్చున్నా సరే, ముందు గేదె అడ్డం వచ్చిందంటే ఆ కాలు నేలను అదుముతుంది. ముప్పై ఒక్క ఏళ్లు బస్సు తోలిన కాలు అది.

ఆయన మా అమ్మకు అన్నయ్య. నరసన్నపేటలో హైవే దిగి లోపలికి వస్తే మూడో సందులో ఆయనా, ఈశ్వరి అత్తా ఉంటారు. మాది బొబ్బిలి. ఎచ్చెర్లలో ఎం.ఏ. తెలుగు చదివిన రెండేళ్లూ శనివారం వస్తే హాస్టలు నుంచి మావయ్య ఇంటికే వెళ్లేదాన్ని. మా ఇద్దరికీ మాటలు తక్కువ. అందుకే కుదిరింది. అరుగు మీద ఆయన పేపరు పట్టుకుని, నేను పుస్తకం పట్టుకుని కూర్చుంటే దారిన పోయేవాళ్లు "మావా కోడలూ ఏ పరీచ్చకి సదువుతన్నారేటి" అని నవ్విపోయేవారు.

ఒక శనివారం ఆయన పేపరు మడిచి నా పుస్తకం మీద పెట్టాడు. అందులో ఒక ఫొటో. కొండ నిండా తేయాకు తోటలు, వాటి మధ్య మెలికలు తిరుగుతూ పైకి పోయే రోడ్డు. శ్రీలంకట.

"ఆ దేశంలో బండి అద్దెకిస్తారంట. మనవే తోలుకోవచ్చంట. నిజవేనా, ఒలే?"

నిజమే అన్నాను. ఆయన సర్వీసంతా శ్రీకాకుళం, టెక్కలి, పలాస మధ్య చదును రోడ్ల మీదే గడిచింది. ఘాట్ రోడ్డుకు పంపే డ్రైవర్లకు వేరే శిక్షణ ఇస్తారు. ఆ వంతు ఆయనదాకా రాలేదు. ఘాటు తోలని డ్రైవరు, ఈత రాని జాలరి ఒకటేనని తనమీద తానే జోకు వేసుకునేవాడు. అరకు ఘాటు మనకి దగ్గరే కదా మావయ్యా అన్నాను. అక్కడైతే డిపోలవాళ్లు ఎవరో ఒకరు చూస్తారని తల అడ్డంగా ఊపాడు. చూస్తే ఏమవుతుందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఆయన కొడుకు ధర్మేంద్ర బావ విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తాడు. విని మొదట నవ్వాడు, తరవాత సరేనన్నాడు. మావయ్య, అత్త, మా అమ్మ తాయారు, బావ, నేను. ఐదుగురం. విమానం టికెట్లు బావ చూసుకునేట్టు, కారూ ఇళ్లూ నేను చూసుకునేట్టు ఒప్పందం. హోటళ్లు వద్దనుకున్నాం. సొంత ఇంట్లో రెండు గదులు అద్దెకిచ్చి, పొద్దున్నే టిఫిను పెట్టే ఇళ్లు అక్కడ చాలా ఉన్నాయి.

నలుగురిలో నోరు విప్పలేని నాకు ఉత్తరాలు రాయడం సులువు. క్యాండీలో ఒక ఇంటావిడకు ఇంగ్లీషులో రాసే ఒక్కో ఉత్తరానికి గంట పట్టేది. మా అత్తకు మోకాళ్ల నొప్పి, కింది గది కావాలి అని రాశాను. కుర్చీ లాంటి మరుగుదొడ్డి ఉందా అని రాశాను. మా అమ్మ శనివారం గుడ్డు కూడా ముట్టదని రాశాను. ఆవిడ అన్నిటికీ ఓపికగా జవాబిచ్చింది, మీవాళ్లకు పొద్దున్న ఏమిష్టం అని అడిగింది. ఆ మాట అత్తకు చదివి వినిపిస్తే ఆమె సిగ్గుతో కుచించుకుపోయింది.

"అద్దెకిచ్చినా ఇల్లు ఇల్లే కదే. ఒకలింట్లో తిని పడుకోడానికి కాళీ సేతుల్తో ఎలా ఎల్తాం?"

మూడు ఊళ్లలో మూడు ఇళ్లు. ఇంటికొక పొట్లం చొప్పున పలాస జీడిపప్పు తెప్పించి డబ్బాలో దాచింది.

మావయ్య ఒక పొడుగు నోటుబుక్కు కొన్నాడు. డిపోలో రూటు చార్టు ఎలా గీస్తారో అలాగే అందులో గీతలు గీసి, స్టేజీ తరవాత స్టేజీ రాసుకున్నాడు. కొలంబో, కేగల్ల, క్యాండీ, నువారా ఎలియా. ఎక్కడ టీ తాగాలో, అత్త ఎక్కడ దిగి కాళ్లు చాపుకోవాలో ఎర్రసిరాతో గుర్తులు. నేను ఫోనులో దారి చూపిస్తే దానితో పోల్చి, తప్పుంటే కొట్టేసేవాడు. పై దేశంలో బండి తోలడానికి అనుమతి పుస్తకం కోసం శ్రీకాకుళం వెళ్లినప్పుడు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడిగాడు. అది చేతికి వచ్చాక బీరువాలో పెట్టమని అత్త ఎంత చెప్పినా వినలేదు, ఇంట్లో ఉన్నా జేబులోనే పెట్టుకు తిరిగాడు.

కారు కాగితం నింపే రోజున నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. డ్రైవరు అన్న గడిలో తన పేరు ఒక్కొక్క అక్షరమే పడుతుంటే చూశాడు. దాని కింద అదనపు డ్రైవరు అని ఇంకో గడి. బావ పేరు రాశాను.

"ఆడు స్పేరన్నమాట," అని నవ్వాడు.

అంటే ఏమిటని అడిగాను. డిపోలో పొద్దున్నే బోర్డు మీద ఏ బండికి ఎవరో రాస్తారు. ఏ బండీ దొరకని డ్రైవరు పేరు అడుగున విడిగా ఉంటుంది, అది స్పేరు. ఎవరైనా డ్యూటీకి రాకపోతే పిలుస్తారు. పిలవకపోతే సాయంత్రందాకా బల్ల మీద కూర్చోవాలి.

తరవాతి గడి దగ్గర నా చేయి ఆగింది. గడిచిన ఐదేళ్లలో ప్రమాదాలు ఏమైనా జరిగాయా అని ఉంది. లేవని కొట్టబోతుంటే మావయ్య నా చేతిమీద చేయి వేశాడు.

అత్త పెరట్లో ఉందో లేదో చూసి వచ్చి, చెప్పాడు. రిటైరవ్వడానికి ఏడాది ముందు, వానలో, టెక్కలి దాటాక ఒక కుర్రాడు మోటారు సైకిలు మీద అడ్డంగా వచ్చి బస్సు కింద పడబోయాడు. ప్రాణం పోలేదు, కాలు విరిగింది. విచారణ చేశారు.

"నా తప్పు కాదని కాయితం ఇచ్చినారు. బండి మాత్రం ఇవ్వలేదు."

రిటైరయ్యేదాకా పదకొండు నెలలు ఆయన పేరు స్పేరులోనే ఉంది. రోజూ అత్త ఇస్త్రీ చేసిన ఖాకీ తొడుక్కుని, క్యారేజీ పట్టుకుని వెళ్లి, బల్ల మీద కూర్చుని వచ్చేవాడు. పలాసలో ఎండ బాగా ఉందనో, టెక్కలిలో జనం ఎక్కువనో ఇంటికొచ్చి చెప్పేవాడు. ఆ మాటలు పక్క డ్రైవర్లను అడిగి తెచ్చుకున్నవి.

"మీ అత్తకి తెల్దు. ఎవలికీ తెల్దు. నీలోనే ఉంచుకో, ఒలే."

ప్రమాదం జరిగింది, తప్పు మాది కాదు అని కాగితంలో రాశాను. కంపెనీవాళ్లు ఒప్పుకున్నారు.

ఆ రహస్యం నాలో పది రోజులుంది.

బొబ్బిలి వెళ్లినప్పుడు మా అమ్మ వంటింట్లో చేపలు బాగుచేస్తూ, మీ మావయ్యకి ఇప్పుడీ సరదాలేటని విసుక్కుంది. ఆయన ఎంత మనిషో ఆమెకు తెలియాలనిపించింది. చెప్పేశాను. ఆ ఖాకీ చొక్కా, క్యారేజీ, అడిగి తెచ్చుకున్న పలాస ఎండ, అన్నీ వరసగా చెప్పాను. ఇంట్లో నేను అంతసేపు మాట్లాడడం అదే మొదలు. అమ్మ కళ్లు తుడుచుకుంది. అది చూసి నాకు లోపల ఎక్కడో బాగా చెప్పానన్న తృప్తి కూడా కలిగింది. ఎవరికీ చెప్పవద్దు అన్నాను. తడిచేతిని నా నెత్తిమీద పెట్టి ఒట్టు అంది.

ఆ తరవాత వారానికి బావ ఫోను చేశాడు. అన్ని కాగితాలూ ఒకేసారి ప్రింటు తీయిస్తాను, నీ మెయిలు పాస్‌వర్డు ఇవ్వమన్నాడు. ఇచ్చాను. నువ్వు కష్టపడ్డావు కదే, మిగతాది నేను చూస్తాలే అన్నాడు. ఆ మాటకు సంతోషించాను కూడా.

ప్రయాణం ఇంకా ఎనిమిది రోజులుందనగా ఆదివారం నరసన్నపేటలో అందరం కలిశాం. భోజనాలయ్యాక బావ అందరికీ తలో కాగితాల కట్ట పంచాడు. మావయ్య కళ్లద్దాలు పెట్టుకుని, కట్ట తిరగేసి, కారు కాగితం పైకి తీసి, వేలు పెట్టి ఒక్కో గీతా దిగుతూ వచ్చాడు. చివరిదాకా వచ్చి మళ్లీ పైకి వెళ్లాడు.

"నా పేరు ఏ బండికీ లేదేటి?"

నా చేతిలో కట్ట చూశాను. నేను రాసిన కారు లేదు. దాన్ని రద్దు చేసి, వ్యాను మాట్లాడారు. డ్రైవరు వ్యానుతో పాటే వస్తాడని ఉంది. అదంతా నా మెయిలు నుంచే, నా పేరుమీదే వెళ్లింది.

"నీ సుఖానికే నాన్నా," అన్నాడు బావ. "సుట్టూ సూస్తూ కూసోవచ్చు. తోలితే రోడ్డు తప్ప ఏటి సూస్తావు?"

"రోడ్డు సూద్దామనే ఎల్తన్నాను."

బావ మా అమ్మ వైపు చూశాడు. అమ్మ గొంతు తగ్గించి, మంచిమాటలాగే అంది. "పదకొండు నెల్లు డిపోలో బల్ల మీద కూసోబెట్టినారంట కదన్నియ్యా. ఆలకే నమ్మకం లేకపోతే, ఆ కొండలమీద మాకెలా ఉంతాది?"

అత్త వక్కపలుకులు కత్తిరిస్తూ ఉంది. ఆమె చేతిలో అడకత్తెర ఆగిపోయింది. ఆమెకు అప్పుడే తెలిసింది.

మావయ్య అమ్మవైపు చూడలేదు. బావవైపూ చూడలేదు. నావైపు చూశాడు. అందులో కోపం లేదు. బస్సు అద్దంలో వెనక సీటులో ఎవరో తెలియని మనిషి కనబడితే డ్రైవరు ఒకసారి చూసి ఊరుకుంటాడే, అలా చూశాడు.

నాకు అమ్మమీద కోపం వచ్చింది, బావమీద వచ్చింది. ఒట్టు వేసి దాటారు, నా చేత్తోనే నా పని చెరిపేశారు. ఇదంతా ఆయనతో చెప్పాలనుకున్నాను. కానీ వాళ్లకు ఆ మాట ఎక్కడిది? నేనిచ్చిందే. ఆ సాయంత్రం ఆయనే నా దగ్గరికి వచ్చి చేయి చాచాడు. దారి సరిచూడమని ఆయన ఇచ్చిన నోటుబుక్కు నా సంచిలో ఉంది.

"అది ఇచ్చేయమ్మా. నీ దగ్గిర దాసినవి దాగవు గదా."

రెండేళ్లలో ఎన్నడూ ఆయన నన్ను 'అమ్మా' అనలేదు. ఒలే అనే పిలిచాడు.

తాను రావడం లేదని మర్నాడు చెప్పాడు. ఎవరు బతిమాలినా మోకాలి నొప్పి అన్నాడు. మోకాళ్ల నొప్పి అత్తది. ఆమె కూడా మానేస్తానంటే ఒప్పుకోలేదు, జీడిపప్పు ముక్కిపోతుంది వెళ్లమన్నాడు. పదకొండు నెలల సంగతి ఆమె ఒక్కసారే ఎత్తింది. "ఆ చొక్కాలన్నీ ఎందుకు ఇస్త్రీ సేయించావు మావా?" అంది. ఆయన లేచి పెరట్లోకి వెళ్లాడు. నేను కూడా ఉండిపోతానన్నాను. ఇళ్లవాళ్లతో రాసింది నువ్వు, మీ అత్త మాత్రలు గుర్తున్నది నీకు, నువ్వు లేకపోతే ఆమెకి ఎవరున్నారు అని ముగించేశాడు.

బయల్దేరే రోజు పొద్దున్న బావ కారు తెచ్చాడు. మావయ్య అప్పటికే స్నానం చేసి తెల్ల చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. జేబులో ఆ అనుమతి పుస్తకం అంచు కనిపిస్తోంది. ఆయన మనసు మార్చుకున్నాడేమోనని బావ ముఖం ఒక్క క్షణం మారింది. అత్త కూడా ఆశగా చూసింది. అలాంటిదేమీ కాదు. ఎవరైనా పిలుస్తారేమోనని పదకొండు నెలలు ఎలా కూర్చున్నాడో అలాగే కూర్చున్నాడని నాకు ఒక్కదానికే తెలిసింది. పిలవవలసింది నేను కాదు. బావ పిలవలేదు.

సామాను ఎక్కింది. జీడిపప్పు డబ్బా అత్త ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు మావయ్య లేచి వచ్చాడు. టైర్లు నాలుగూ కాలితో తట్టి చూశాడు. వెనక తలుపు సరిగా పడలేదని తీసి మళ్లీ వేశాడు. నా పక్క అద్దం దించి ఉంది. ఆయన నావైపు చూడలేదు. కారు పక్కన అరచేత్తో రెండుసార్లు కొట్టాడు.

"రైట్," అన్నాడు.

ముప్పై ఒక్క ఏళ్లు కండక్టరు అంటే విని బండి కదిపిన మాట అది. ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

కారు కదిలింది. సందు మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. ఆయన మళ్లీ అరుగు మీద కూర్చున్నాడు. పేపరు పక్కనే ఉంది, తీయలేదు.